సన్నాయి వినిపించని పెళ్లి వీడియో: ఏ కన్వర్టర్ ఎవరికి, ఏ ఎర్రర్‌కు ఏం చేయాలి

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే, మా పిన్ని కూతురి పెళ్లి వీడియో టీవీలో చూద్దామని ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. స్టూడియో వాళ్లు హార్డ్ డిస్క్‌లో ఇచ్చింది ఒకే ఫైల్, 11 జీబీ. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించబోతే ల్యాప్‌టాప్ ఒప్పుకోలేదు, ఫైల్ మరీ పెద్దదంది. పెన్‌డ్రైవ్‌ని మళ్లీ ఫార్మాట్ చేసి, ఎక్కించి, టీవీకి పెడితే బొమ్మ వచ్చింది, సౌండ్ రాలేదు. తెర మీద మూడు ముళ్లు వేస్తున్నారు, అక్షింతలు పడుతున్నాయి, సన్నాయీ లేదు, డోలూ లేదు. "ఇదేం పెళ్లిరా, సంతాప సభలా ఉంది" అంది అమ్మ.

"ఏదో ఒక కన్వర్టర్ డౌన్‌లోడ్ చేసెయ్ రా" అన్నాడు మా బావ. ఆయన ల్యాప్‌టాప్‌లో అప్పటికే మూడున్నాయి, మూడూ ట్రయల్ అయిపోయినవే. చాలామంది ఇరుక్కునేది ఈ "ఏదో ఒక" దగ్గరే. ఒకటి పెడితే వాటర్‌మార్క్ పడుతుంది, ఇంకోటి పెడితే మూడు గంటలు తిరిగి 98 శాతం దగ్గర ఆగిపోతుంది, మూడోదాని ఎర్రర్ ఏంటో అర్థమే కాదు. మా ఇంట్లో కంప్యూటర్ పనులన్నీ నా నెత్తినే పడతాయి కాబట్టి వీటన్నిటితో కుస్తీ పట్టాను. హ్యాండ్‌బ్రేక్, వీఎల్‌సీ, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, షటర్ ఎన్‌కోడర్, ఆన్‌లైన్ సైట్లు: వీటిలో ఏది ఎప్పుడు తీయాలో, మొరాయిస్తే ఎక్కడ చూడాలో చెబుతాను.

## ముందు జబ్బేంటో తెలియాలి

వీడియో ఫైల్ అంటే ఒక గిన్నె, అందులో రెండు వంటకాలు. ఎంపీ4, ఎంకేవీ, ఎంఓవీ, ఏవీఐ అనేవి గిన్నెల పేర్లు. లోపల బొమ్మ ఒక పద్ధతిలో (హెచ్.264, హెచ్.265, ఎంపెగ్2), సౌండ్ ఇంకో పద్ధతిలో (ఏఏసీ, ఏసీ3, డీటీఎస్, పీసీఎం) వండి ఉంటాయి. ఈ వండే పద్ధతినే కోడెక్ అంటారు. టీవీకి గిన్నె నచ్చకపోవచ్చు, వంటకం పడకపోవచ్చు. గిన్నె మాత్రమే నచ్చకపోతే గిన్నె మార్చేస్తే సరి, నిమిషాల పని, క్వాలిటీ వెంట్రుకవాసి కూడా తగ్గదు. వంటకమే పడకపోతే మళ్లీ వండాలి. దానికి గంటలు పడుతుంది, వండిన ప్రతిసారీ ఎంతో కొంత క్వాలిటీ పోతుంది.

మనకు వచ్చే సమస్యల్లో సగానికి పైగా గిన్నె మార్పుతోనో, సౌండ్ ఒక్కటే మళ్లీ వండడంతోనో తీరిపోతాయని నా అనుభవం. కానీ కన్వర్టర్లలో చాలావరకు అడగకుండానే మొత్తం మళ్లీ వండేస్తాయి. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ అని ఆలోచించే ముందు ఫైల్‌ను వీఎల్‌సీలో తెరిచి కంట్రోల్, జె కలిపి నొక్కండి. కోడెక్ వివరాలు వస్తాయి. మా పెళ్లి ఫైల్‌కి అలా చూస్తే గిన్నె ఎంఓవీ, బొమ్మ హెచ్.264, సౌండ్ పీసీఎం. బొమ్మ బంగారంలా ఉంది. సౌండ్ పీసీఎంలో ఉండడమే ఆ టీవీకి మింగుడుపడలేదు.

సినిమా ఫైళ్లతో ఇదే గొడవ డీటీఎస్ వల్ల వస్తుంది. 2018 మోడళ్ల నుంచి సామ్‌సంగ్ తన టీవీల్లో డీటీఎస్ తీసేసింది. అందుకే పాత టీవీలో గడగడా మాట్లాడిన పెన్‌డ్రైవ్ కొత్త టీవీలో మూగబోతుంది. టీవీ పాడైందని మెకానిక్‌ని పిలిచినవాళ్లు నాకు తెలుసు.

ఒక్కోసారి కన్వర్షనే అక్కర్లేదు. వాట్సాప్‌లో వీడియోను మామూలుగా పంపితే అది నలిపేస్తుంది. అదే డాక్యుమెంట్‌గా జత చేస్తే 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు వెళ్తుంది. అమెరికాలో ఉన్న అక్కకి అన్నప్రాశన వీడియో పంపడానికి ఏ కన్వర్టరూ వద్దు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది, అది గిన్నె మార్పు చేయగలదా, లేక ప్రతిదీ మళ్లీ వండుతుందా అన్నది. ఆ తర్వాత ఫైల్ సైజు. 50 ఎంబీ ఫోన్ క్లిప్‌కి పనికొచ్చేది 11 జీబీ పెళ్లికి పనికిరాదు. మూడోది, ఎర్రర్ వచ్చినప్పుడు అది నోరు విప్పి కారణం చెబుతుందా అన్నది. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ నా దృష్టిలో చాలా ముఖ్యం, తప్పెక్కడో చెప్పని సాఫ్ట్‌వేర్‌తో పూటంతా వృథా అవుతుంది. ఫైల్ మన ఇల్లు దాటి బయటికి వెళ్తుందా అన్నది నాలుగోది. ఇక నేర్చుకోవడానికి మీకెంత ఓపిక ఉందో మీకే తెలియాలి.

| | హ్యాండ్‌బ్రేక్ | వీఎల్‌సీ | ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ | షటర్ ఎన్‌కోడర్ | ఆన్‌లైన్ సైట్లు |
|---|---|---|---|---|---|
| గిన్నె మార్పు మాత్రమే | చేయదు | చేస్తుంది, నమ్మకం తక్కువ | నిమిషాల్లో | చేస్తుంది | సాధారణంగా మళ్లీ వండుతాయి |
| సైజు తగ్గించడం | చాలా బాగా | అంతంతమాత్రం | చాలా బాగా | బాగా | అంతంతమాత్రం |
| పాత డీవీడీ | మొదటి ఎంపిక | పని జరుగుతుంది | కష్టపడాలి | పని జరుగుతుంది | వద్దు |
| ఎర్రర్ చెప్పే తీరు | లాగ్‌లో వివరంగా | దాదాపు మౌనం | ముఖం మీదే చెబుతుంది | ఓ మోస్తరు | "ఫెయిల్డ్" అంతే |
| ఫైల్ బయటికి వెళ్తుందా | వెళ్లదు | వెళ్లదు | వెళ్లదు | వెళ్లదు | వెళ్తుంది |
| నేర్చుకోవడం | ఒక పూట | పది నిమిషాలు | వారం | ఒకట్రెండు రోజులు | అక్కర్లేదు |
| ఖర్చు | ఉచితం | ఉచితం | ఉచితం | ఉచితం | కొంతవరకే ఉచితం |

## హ్యాండ్‌బ్రేక్: మళ్లీ వండాల్సి వస్తే ఇదే

ఇరవై ఏళ్లు దాటిన సాఫ్ట్‌వేర్ ఇది. 2003లో మొదలై, 1.0 అనిపించుకోవడానికి 2016 డిసెంబర్ దాకా ఆగింది. సైజు తగ్గించాలన్నా, హెచ్.265ని పాత టీవీ కోసం హెచ్.264గా మార్చాలన్నా, డీవీడీని ఎంపీ4 చేయాలన్నా నా చెయ్యి ముందు దీని మీదకే వెళ్తుంది. బొమ్మను మాత్రం ఇది ఎప్పుడూ మళ్లీ వండుతుంది, ఉన్నదున్నట్టు ఉంచమంటే ఉంచదు. కేవలం ఎంకేవీని ఎంపీ4 చేయడానికి దీన్ని వాడితే ఆవకాయ జాడీ మార్చడానికి కొత్తగా మామిడికాయలు తరిగినట్టే.

క్వాలిటీకి ఇందులో ఆర్‌ఎఫ్ అనే ఒక అంకె ఉంటుంది. అంకె తగ్గితే క్వాలిటీ పెరుగుతుంది, సైజూ పెరుగుతుంది. ఇది తిరగేసి అర్థం చేసుకుని 40 పెట్టి, బొమ్మంతా గళ్లు గళ్లుగా వచ్చిందని తిట్టుకునేవాళ్లున్నారు. డీవీడీకి 18 నుంచి 22, ఫుల్ హెచ్‌డీకి 20 నుంచి 24 మధ్య ఉంచమని హ్యాండ్‌బ్రేక్ వాళ్లే చెబుతారు. పెళ్లి వీడియోకి నేను 21 పెడతాను. పట్టుచీర జరీ మెరుపు, జనం కదలికలు ఎక్కువగా ఉండే వీడియో కాబట్టి ఇంకా పైకి పోతే ముఖాలు మెత్తబడతాయి.

పాత డీవీడీల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో బీరువా పై అరలో ఉన్న పెళ్లిళ్లన్నీ వాటిలోనే ఉన్నాయి. మన దగ్గర డీవీడీలు పాల్ పద్ధతిలో ఉంటాయి, 720కి 576, సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో రెండు సగాలు అల్లుకుని ఉంటాయి. పాత పెద్ద టీవీలో ఇది తెలిసేది కాదు. కంప్యూటర్‌లోనో కొత్త టీవీలోనో చూస్తే కదిలే చోటల్లా దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి, తలంబ్రాలు పోసుకునేటప్పుడు చేతులు చూడండి తెలుస్తుంది. హ్యాండ్‌బ్రేక్‌లో ఫిల్టర్ల ట్యాబ్‌కి వెళ్లి డీఇంటర్లేస్ ఆన్ చేయండి. ఒకసారి గీతలతోనే వండేశాక వాటిని తీయడం దాదాపు అసాధ్యం. డిస్క్‌ను డ్రైవ్‌లో ఉంచి నేరుగా మార్చకుండా, అందులోని వీడియో టీఎస్ ఫోల్డర్‌ను ముందు హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని దాన్ని తెరవండి. కాపీ మధ్యలో విండోస్ "సైక్లిక్ రిడండెన్సీ చెక్" అని ఆగిపోతే డిస్క్ మీద గీతలో మరకలో ఉన్నాయని అర్థం. ఏ కన్వర్టరూ దానికి మందు కాదు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచి, ఇంకో కంప్యూటర్ డ్రైవ్‌లో ప్రయత్నించండి. ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదివేయడం నేను చాలాసార్లు చూశాను.

హ్యాండ్‌బ్రేక్ ఎర్రర్లలో తరచూ కనిపించేది "నో వ్యాలిడ్ సోర్స్ ఆర్ టైటిల్స్ ఫౌండ్". ఫైల్ సగమే కాపీ అయినా, కంపెనీ డీవీడీకి కాపీ రక్షణ ఉన్నా ఇదే మాట వస్తుంది. రక్షణ ఉన్న డిస్క్‌లను హ్యాండ్‌బ్రేక్ తెరవదు, స్టూడియో వాళ్లు రాసిచ్చిన పెళ్లి డిస్క్‌లకు మామూలుగా ఆ బాధ ఉండదు.

మొదలై మధ్యలో ఆగిపోతే యాక్టివిటీ లాగ్ (అది చేసిన పనులన్నీ రాసుకునే చిట్టా) తెరిచి కింది నుంచి పైకి చదవండి, కారణం సాధారణంగా చివరి పది వరుసల్లోనే ఉంటుంది. ఎన్‌వెంక్ అనో క్విక్ సింక్ అనో (గ్రాఫిక్స్ చిప్‌తో వేగంగా వండే పద్ధతులు) కనిపిస్తే గ్రాఫిక్స్ డ్రైవర్‌తో పేచీ. ఎన్‌కోడర్‌ను మామూలు ఎక్స్264కి మార్చండి, నెమ్మదిగా అయినా పూర్తవుతుంది. "పర్మిషన్ డినైడ్" అంటే కొన్ని ఫోల్డర్లకు విండోస్ పెట్టే కాపలా, కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్, అడ్డుపడుతూ ఉండొచ్చు. డాక్యుమెంట్స్, వీడియోస్ ఫోల్డర్లలోకి కాకుండా వేరే డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ పెట్టి అందులోకి సేవ్ చేయండి. అసలు తెరుచుకోనే తెరుచుకోక డాట్‌నెట్ రన్‌టైమ్ కావాలని అడిగితే భయపడొద్దు, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి డెస్క్‌టాప్ రన్‌టైమ్ వేసుకుంటే చాలు.

ఎర్రర్ రాకుండానే తేడా కొట్టేది ఒకటుంది. ఫోన్‌లో తీసిన వీడియోల్లో ఫ్రేముల వేగం కుదురుగా ఉండదు, వెలుతురును బట్టి మారుతూ ఉంటుంది. వాటిని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్తే అరగంట గడిచేసరికి మాట ఒకచోట, పెదాలు ఒకచోట. ఎడిటింగ్‌కి ముందు హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని ఒకసారి మార్చుకుంటే ఆ తలనొప్పి ఉండదు. యూట్యూబ్‌లో పాఠాలు పెట్టే టీచర్లకు నేను మొదట చెప్పేది ఇదే.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. అసలు సైట్ చిరునామా చివర డాట్ ఎఫ్‌ఆర్ ఉంటుంది. 2017 మేలో నాలుగైదు రోజులపాటు దీని డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదానిలోకి దొంగలు చొరబడి, మ్యాక్ వెర్షన్ బదులు ప్రోటాన్ అనే మాల్వేర్ కలిపిన ఫైల్ పెట్టారు. అసలు సైట్‌కే అలా జరిగిందంటే, సెర్చ్‌లో ప్రకటనగా వచ్చే నకిలీ సైట్ల సంగతి చెప్పక్కర్లేదు.

## వీఎల్‌సీ: డాక్టర్‌గా మంచిది, వంటవాడిగా అంతంతే

అందరి కంప్యూటర్‌లోనూ ఉంటుంది కాబట్టి "కంట్రోల్, ఆర్ నొక్కి కన్వర్ట్ చేసుకో" అని సలహా ఇచ్చేస్తారు. చిన్న క్లిప్‌కి, తాతగారి వాయిస్ రికార్డింగ్‌ను ఎంపీ3 చేయడానికి సరే. పెద్ద పనికి నేను వాడను. పని జరుగుతున్నప్పుడు కింద ప్లే అయ్యే గీతే ప్రోగ్రెస్ గీత. బొమ్మ రాదు, ఏమీ జరగడం లేదనుకుని జనం విండో మూసేస్తారు, ఫైల్ సగంలో తెగుతుంది. ఎన్‌కోడర్‌కి నచ్చనిది ఏదైనా ఉంటే 0 కేబీ ఫైల్ ఇచ్చి ఊరుకుంటుంది. అలా జరిగితే చూడాల్సినవి రెండు: డెస్టినేషన్‌లో ఫైల్ పేరు చివర ఎక్స్‌టెన్షన్, ఎంచుకున్న ప్రొఫైల్‌తో సరిపోయిందా, సేవ్ చేసేది అసలు ఫైల్ మీదకేనా.

తెలుగు సబ్‌టైటిళ్లు డబ్బాలుగా వస్తే మాత్రం అది కన్వర్షన్ సమస్య కాదు. వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్ ఫాంట్‌ను నిర్మలా యూఐకో గౌతమికో మార్చి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టండి.

## ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్: బటన్లు లేవు, భయమూ అక్కర్లేదు

2000 సంవత్సరంలో ఫాబ్రిస్ బెలార్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్. డబ్బు కట్టి కొనే చాలా కన్వర్టర్ల లోపల పనిచేసేది కూడా ఇదే, పైన రంగుల బటన్లు వాళ్లవి. నల్ల స్క్రీన్‌లో టైప్ చేయాలి, అదొక్కటే అడ్డం.

మా పెళ్లి ఫైల్‌ను దీనితోనే బాగుచేశాను. పిన్ని కూతురికి తర్వాత ఫోన్‌లో ఇలా చెప్పాను, తనే చేసుకుంది: "ఫైల్ ఉన్న ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కు. నల్ల స్క్రీన్ వస్తుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, స్పేస్, మైనస్ ఐ, స్పేస్. ఇప్పుడు ఫైల్‌ను మౌస్‌తో లాగి అందులో పడెయ్, పేరు దానంతటదే వస్తుంది. స్పేస్, మైనస్ సి కోలన్ వి, స్పేస్, కాపీ. అంటే బొమ్మ జోలికి వెళ్లకు అని. స్పేస్, మైనస్ సి కోలన్ ఏ, స్పేస్, ఏఏసీ. అంటే సౌండ్ మాత్రం మార్చు అని. స్పేస్, మైనస్ బి కోలన్ ఏ, స్పేస్, 192కె. అంటే సౌండ్ క్వాలిటీ ఎంత ఉండాలో. స్పేస్. చివర కొత్త పేరు, డాట్ ఎంపీ4. అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలే." బొమ్మతో సహా ఏమీ మార్చకుండా గిన్నె ఒక్కటే మార్చాలంటే ఇంకా సులువు, మధ్యలో మైనస్ సి కాపీ అంటే చాలు.

నాలుగు నిమిషాల్లో అయిపోయింది. 11 జీబీ ఫైల్ 9.8 అయింది. రెండు గంటల పీసీఎం స్టీరియో సౌండ్ ఒక్కటే దాదాపు 1.4 జీబీ తింటుంది. అదే 192కె ఏఏసీలో 175 ఎంబీ లోపే. సన్నాయిలో తేడా ఎవరి చెవికీ అందలేదు.

దీని ఎర్రర్లు గద్దించినట్టుంటాయి గానీ, అసలు విషయం ముఖం మీదే చెప్పేది ఇదొక్కటే.

"నాట్ రికగ్నైజ్డ్" అని విండోస్ అంటే ప్రోగ్రామ్ ఎక్కడుందో దానికి తెలియదన్నమాట. వింగెట్‌తో (విండోస్‌లోనే ఉండే ఇన్‌స్టాల్ కమాండ్) ఇన్‌స్టాల్ చేసుకుంటే ఈ బాధ తక్కువ. చేశాక నల్ల స్క్రీన్ మూసి మళ్లీ తెరవాలి, చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

"నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" పదికి తొమ్మిదిసార్లు ఫైల్ పేరులోని ఖాళీల వల్లే. "పెళ్లి ఫైనల్ ఫైనల్ 2 కొత్తది" లాంటి పేరును కోట్స్‌లో పెట్టాలి, లేదా చిన్న ఇంగ్లిష్ పేరుకు మార్చుకోవాలి. లాగి పడేస్తే కోట్స్ అవే వస్తాయి.

"కుడ్ నాట్ ఫైండ్ ట్యాగ్ ఫర్ కోడెక్" అంటే ఆ వంటకం ఆ గిన్నెలో ఇమడదని. పీసీఎం సౌండ్‌ను కాపీ చేస్తూ ఎంపీ4 అడిగితే పాత వెర్షన్లు ఇలాగే ఆపేవి. ఈమధ్య వెర్షన్లు నోరెత్తకుండా చేసిపెడతాయి, టీవీ మాత్రం పలకదు. ఎర్రర్ రావడమే నయమనిపించే సందర్భం ఇది. సౌండ్‌ను ఏఏసీ చేయండి, లేదా గిన్నెను ఎంకేవీ చేయండి.

"హైట్ నాట్ డివిజిబుల్ బై 2": ఎత్తు బేసి సంఖ్య అయితే హెచ్.264 ఒప్పుకోదు. ఇష్టమొచ్చినట్టు క్రాప్ చేసిన స్క్రీన్ రికార్డింగులతో వస్తుంది. స్కేల్ ఫిల్టర్‌లో వెడల్పు ఇచ్చి, ఎత్తు దగ్గర మైనస్ 2 రాస్తే దగ్గరలోని సరి సంఖ్యను అదే తీసుకుంటుంది.

ఇక "మూవ్ ఆటమ్ నాట్ ఫౌండ్". ఇది కనిపిస్తే గుండె జారుతుంది. ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే విషయసూచిక ఒకటుంటుంది, కెమెరాలు దాన్ని రికార్డింగ్ ఆపాక చివర్లో రాస్తాయి. బ్యాటరీ మధ్యలో అయిపోయినా, కార్డ్ లాగేసినా అది రాయబడదు. డేటా అంతా ఉన్నా ఎక్కడ ఏముందో తెలియని పుస్తకంలా ఫైల్ ఉండిపోతుంది. ఇలాంటప్పుడు కన్వర్టర్లు మార్చి మార్చి ప్రయత్నించడం దండగ, ఏదీ తెరవలేదు. ముందు మెమరీ కార్డ్‌లో ఉన్న ఫైల్ సైజు, మీ దగ్గరున్న కాపీ సైజు ఒకటేనా చూడండి, కాపీ సగంలో ఆగి ఉండొచ్చు. రెండూ ఒకటే అయితే అన్‌ట్రంక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌తో తీసిన బాగున్న ఫైల్ ఒకటి చూపిస్తే, దాన్ని నమూనాగా పెట్టుకుని విషయసూచిక మళ్లీ కడుతుంది. ప్రతిసారీ కాదు గానీ చాలాసార్లు ఫలిస్తుంది. అది అయ్యేదాకా ఆ కార్డ్ మీద ఇంకేదీ రికార్డ్ చేయకండి.

## షటర్ ఎన్‌కోడర్: మధ్యే మార్గం

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ శక్తి కావాలి, టైపింగ్ వద్దు అనుకునేవాళ్లకి. ఇందులో "రీర్యాప్" అని ఉంటుంది, గిన్నె మార్పు అదే. "కట్ వితౌట్ రీ-ఎన్‌కోడింగ్" అంటే మళ్లీ వండకుండా ముక్క కోయడం. అలా కోసినప్పుడు కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ దాచి ఉంచే ఫ్రేము) దగ్గరే తెగుతుంది కాబట్టి అనుకున్న చోటికి ఒకట్రెండు సెకన్లు అటూ ఇటూ అవుతుంది, అది లోపం కాదు. స్క్రీన్ నిండా బటన్లు, మొదటిసారి చూస్తే విమానం కాక్‌పిట్‌లా ఉంటుంది. రోజూ రకరకాల కెమెరాల ఫైళ్లు వచ్చే ఫొటో స్టూడియో వాళ్లకి ఇది బాగా అమరుతుంది. ఏడాదికోసారి వాడేవాళ్లు మెనూలు గుర్తుపెట్టుకోలేరు.

## ఆన్‌లైన్ సైట్లు: చిన్నవాటికి, పరాయివాళ్లు చూసినా పర్లేదనుకునేవాటికి

కంప్యూటర్ లేదు, ఫోనే ఉంది, ఐఫోన్ హెచ్ఈఐసీ ఫొటో ఒకటి జేపీజీ కావాలి. అప్పుడు ఇవే దిక్కు. (ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, మోస్ట్ కంపాటిబుల్ అని పెట్టుకుంటే ఇకమీదట తీసేవన్నీ జేపీజీలోనే వస్తాయి.)

పెద్ద వీడియోకి లెక్క వేసుకోండి. అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ ఉంటే 11 జీబీ ఎక్కడానికే గంటా పావు. మొబైల్ హాట్‌స్పాట్ మీద 5 వస్తే ఐదు గంటలు. ఆ మధ్యలో ఫోన్ వచ్చినా, ట్యాబ్ నిద్రపోయినా మళ్లీ మొదటికి. వచ్చే ఎర్రర్ "ఫెయిల్డ్" ఒక్కటే, ఎందుకో చెప్పదు.

భద్రత సంగతి ఇంకా ముఖ్యం. ఉచిత కన్వర్టర్ సైట్ల ముసుగులో మాల్వేర్ ఎక్కిస్తున్నారని, అప్‌లోడ్ చేసిన ఫైళ్లలోంచి వివరాలు లాగుతున్నారని 2025 మార్చిలో అమెరికాలోని ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం హెచ్చరించింది. అన్ని సైట్లూ అలాంటివని కాదు. ఎంపీ4 అడిగితే ఈఎక్స్ఈ ఫైల్ దిగిందంటే మాత్రం తెరవకుండా తీసేయండి. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, ఆడపిల్లల ఫొటోలు, ఇంటి వీడియోలు ఈ సైట్లకు ఎక్కించకండి.

ఇక డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్లు. ట్రయల్‌లో వీడియో మూడో వంతే మారుస్తాయి, లేదా మధ్యలో పేరు కొడతాయి. పైన చెప్పినవన్నీ ఉచితంగా దొరుకుతుండగా ఇంటి వాడకానికి వీటిని కొనమని నేను చెప్పలేను.

## మీరు ఎవరైతే ఏది

బీరువాలో పాత డీవీడీలున్నవాళ్లకి హ్యాండ్‌బ్రేక్, తడుముకోకుండా. డిస్క్‌లు ఏటికేడు పాడవుతాయి, వచ్చే సెలవుల దాకా ఆగొద్దు. ఫోన్‌లో పాఠాలు తీసి ఎడిట్ చేసేవాళ్లకీ అదే, కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్‌తో. టీవీలో సౌండ్ రానివాళ్లు, ఎంకేవీ ఎక్కనివాళ్లు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కి ఒక్క సాయంత్రం కేటాయించండి, ఆ ఒక్క కమాండ్ కాగితం మీద రాసి పెట్టుకుంటే ఏళ్లపాటు పనికొస్తుంది. పదవీ విరమణ చేసిన నాన్నగారికి ఈ నల్ల స్క్రీన్ అంటగట్టకండి, టెన్షన్ పడతారు. ఆయనకు వీఎల్‌సీ ఉంచి, పెద్ద పనులు మీరే చేసిపెట్టండి.

ఏది వాడినా, ఎర్రర్ రాగానే సాఫ్ట్‌వేర్‌ను తిట్టే ముందు డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చూడండి. అలాగే పెన్‌డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో ఉందో కూడా. ఫ్యాట్32 అయితే 4 జీబీకి మించిన ఫైల్‌ను తీసుకోదు, 64 జీబీ పెన్‌డ్రైవ్ అయినా సరే. మా మొదటి ఎర్రర్ అదే, దానికీ కన్వర్టర్‌కీ సంబంధమే లేదు. కొత్త ఫైల్ వచ్చాక మొదట్లో, నడిమధ్యలో, చివర్లో ఒక్కో నిమిషం చూసి, సౌండ్ పెదాలతో కలిసిందని తేల్చుకున్నాకే పాతది తీసేయాలా అని ఆలోచించండి. నేనైతే తీయను.

మా ఇంట్లో రెండోసారి పెట్టినప్పుడు గట్టిమేళం దగ్గర అమ్మే సౌండ్ తగ్గించమంది. ఆ పెన్‌డ్రైవ్ ఇప్పుడు పిన్ని వాళ్లింటికి వెళ్లింది. నిన్న ఫోన్ వచ్చింది: పెద్ద ఫైల్ పట్టాలని నేను పెన్‌డ్రైవ్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లోకి మార్చాను కదా, వాళ్ల టీవీ అది చదవదట, ఫ్యాట్32 మాత్రమేనట. అంటే 9.8 జీబీని 4 జీబీ లోపుకి దించాలి. ఈసారి గిన్నె మార్పుతో తీరదు. హ్యాండ్‌బ్రేక్ తెరిచి, ముఖాలు కాస్త మెత్తబడినా సరేనని ఆర్‌ఎఫ్ 22కి పెంచి, రాత్రి ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంచి పడుకుంటాను.